మొద్దులెవరు?

మన ప్రాథమిక పాఠశాలలలో ఉచితముగాను, ఉదారముగాను పంచిపెట్టబడు వస్తువొక్కటి కలదు. అది "మొద్దు" అను బిరుదము. రెండవ ఎక్కము అప్పగింపలేని బాలుడు మొద్దు. నల్లబల్లమీది "మ"కును "య"కును భేదము కానక వ్రాయు బాలిక మొద్దు. పది గంటలకే ఆవులించువాడు మొద్దు; పదునొకండు గంటలకు గోడకు చేరగిలబడునది సోమరి. ఈ తీర్పునకు సాక్షులక్కరలేదు, విచారణ అక్కరలేదు, దీనిపై అప్పీలును లేదు. పంతులుగారు పలికినదానిని తోడిపిల్లలందుకొందురు, పిల్లలనుండి వీధి అందుకొనును, వీధినుండి తల్లిదండ్రులందుకొందురు. మూడేండ్లు గడచునప్పటికి ఆ బిడ్డయే దానిని నమ్మును. ఐదవ తరగతి దాటకమునుపే "నాకు చదువు రాదు" అని తనకు తానే తీర్పు చెప్పుకొని మేకలవెంటనో, పత్తిచేనికో పోవును.

మేము అడుగదలచిన ప్రశ్న యొక్కటే. ఆ బిరుదము నొసగుటకు ముందు ఆ బిడ్డ క్రింది కనురెప్పను లాగి లోపలి ఎరుపును చూచినవారెవరు? నాలుగు బారల దూరమునుండి ఆ బిడ్డకు అక్షరము కనబడుచున్నదా యని పరీక్షించినవారెవరు? ప్రొద్దున ఏమి తిని వచ్చితివని అడిగినవారెవరు? ఎవరును లేకున్నచో, ఆ బిరుదము బిడ్డకు చెందునా, దానిని ఒసగినవారికి చెందునా?

ఇది చమత్కారమునకు వేసిన ప్రశ్న కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనమునందు, ఆరునెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో రక్తహీనులు ఆంధ్రప్రదేశమున నూటికి 63 మంది, తెలంగాణమున నూటికి 70 మంది యని తేలెను. ఆ లెక్కలో చేరిన పసివారే తరువాతి యేండ్లలో పలక పట్టుకొని ఒకటవ తరగతి గడప త్రొక్కిరి. బడిలో పేరు వ్రాసినంతమాత్రమున వారి నెత్తురు ఎరుపెక్కదు. ఇనుము చాలని నెత్తురు ప్రాణవాయువును చాలినంత మోయజాలదు. ఇనుము కొరవడిన పసిబిడ్డకు శ్రద్ధ నిలువదు, జ్ఞాపకము నిలువదు, అలసట మాత్రము నిలుచును. అట్టి బిడ్డ పాఠము నడుమ తలవాల్చినచో అది సోమరితనమగునా? నూనె లేని దీపము వెలుగలేదని దీపమును కొట్టువానిని ఏమనవలెను?

కంటి సంగతి ఇంకను విచిత్రము. దూరదృష్టి లోపించిన పెద్దవాడు తనకు సరిగా కనబడుట లేదని ఎరుగును. ఏలయన వానికి మునుపు కనబడినది. పుట్టినది మొదలు లోకమును మసకగానే చూచుచున్న బిడ్డకు ఆ యెరుక ఎట్లు కలుగును? లోకమెల్లరకును అట్లే కనబడునని ఆ బిడ్డ తలచును. కావున ఎన్నడును ఫిర్యాదు చేయదు. ప్రక్కపిల్ల పలకనుండి చూచి వ్రాయును. దొంగయని దెబ్బలు తినును. గోడకు అక్షరముల పటము తగిలించి, ఆరు మీటర్ల దూరమున బిడ్డను నిలిపి, ఒక కన్ను మూసి చదివించుటకు ఎంత కాలము పట్టును? నిమిషములలో తేలు సంగతిని ఐదేండ్లపాటు బెత్తముతో శోధించుచున్నాము.

ఇక కడుపులోని శత్రువులను గూర్చి చెప్పవలెను. కొంకిపురుగు పిల్ల, మలముచే చెడిన నేలపై చెప్పులు లేక నడచు పాదముల చర్మము గుండ దూరి, చివరకు ప్రేగులను చేరి నెత్తురు త్రాగును. ఏలికపాముల గ్రుడ్లు మట్టిచేతులతో అన్నము తిను పిల్లల కడుపులోనికి పోవును. కావున బడిలో నీళ్లకుళాయి, సబ్బు, శుభ్రమైన మరుగుదొడ్డి అనునవి భవనమునకు అలంకారములు కావు, అక్షరాభ్యాసమునకు సాధనములు. మరుగుదొడ్డి దుర్గంధముగా ఉన్నచోట ఆడుపిల్లలు ప్రొద్దుటనుండి నీళ్లు త్రాగుట మానుకొందురు. నీళ్లు త్రాగని బిడ్డకు తలనొప్పియు, మూత్రపు మంటయు కలుగును. ఆ బిడ్డ సిగ్గుచే నోరు విప్పదు. పంతులుగారు పరధ్యానమందురు.

త్రాగునీటియందును ఇట్టి నిందయే కలదు. మన దేశమున ఫ్లోరైడు వలన కలుగు ఎముకల వ్యాధి మొట్టమొదట వర్ణింపబడినది 1937లో, మన నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ పల్లెలలో దానివలన తరములే వంగిపోయినవి. ఆ నీటికి పలుగారలెక్కిన బిడ్డను "పండ్లు తోముకొనవా?" అని తరగతిలో నిలబెట్టి అడిగిన పెద్దలు ఎందరు లేరు? బావి చేసిన నేరమునకు బిడ్డకు శిక్ష!

శిక్ష యన్నంతనే బెత్తము తలపునకు వచ్చును. బాలల నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 17వ విభాగము బిడ్డను కొట్టుటనే గాక, మనస్సు నొప్పించుటను సైతము నిషేధించినది. కొట్టుట కొంత తగ్గినదందురు, మేమును సంతోషింతుము. కాని "మొద్దు" అనుట తగ్గినదా? భయపడు బిడ్డ కడుపునొప్పియని ఇంట నిలిచిపోవుటయు, నిద్రలో ఉలికిపడుటయు తల్లులెరిగిన సంగతులే. శరీరముయొక్క ఆరోగ్యమువలెనే మనస్సుయొక్క ఆరోగ్యమును బడి కాపాడవలసినదే. దానికి మందుబిళ్లలక్కరలేదు, నాలుకను అదుపులో నుంచుకొన్న చాలును.

ఇంత చెప్పగానే కొందరు పెద్దలు లేచి, "బడి చదువు చెప్పు చోటు. అది అన్నసత్రమా, ఆసుపత్రియా? బిడ్డను పోషించుట తల్లిదండ్రుల పని, నయము చేయుట వైద్యుని పని" అందురు. ఈ వాదము క్రొత్తది కాదు. నూరేండ్లకు పైబడి దీనికి ప్రత్యుత్తరములు వచ్చుచునే యున్నవి. బోయరు యుద్ధమునకు సైనికులను ఎన్నుకొనబోయి తమ దేశపు బీదయువకుల దేహదౌర్బల్యమును చూచి బెదరిన ఇంగ్లండువారు 1906లో బడి భోజనమునకును, 1907లో బడిపిల్లల వైద్యపరీక్షకును చట్టములు చేసికొనిరి. మన ప్రక్కనే, 1920లో, మద్రాసు నగరసభకు పిట్టి త్యాగరాయచెట్టిగారు అధ్యక్షులుగా నుండగా, థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో బీదపిల్లలకు మధ్యాహ్నపు ఆహారము పెట్టనారంభించిరి. త్యాగరాయచెట్టిగారు తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టినవారే. పిదప 1956లో కామరాజుగారును, 1982లో రామచంద్రన్‌గారును తమిళదేశమున ఆ పనిని పెంచిరి. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము దేశమంతటికిని దానిని ప్రకటించెను. అయినను పెక్కుచోట్ల అన్నమునకు మారుగా నెలకు మూడు కిలోల ధాన్యము కొలిచి యిచ్చి చేతులు దులుపుకొనిరి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, వండిన అన్నమునే పెట్టవలెనని ఆజ్ఞాపించెను. అందుపై 2003 ఆరంభమున మన ఉమ్మడి ఆంధ్రప్రదేశపు బడులలో పొయ్యి వెలిగినది.

ఈ చరిత్రవలన తేలునదేమి? ఆకలిగొన్న బిడ్డకు పాఠము చెప్పుట గోడకు చెప్పుటయేయని, అనుభవమున తెలిసికొనిన దేశములన్నియు అంగీకరించినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము మధ్యాహ్న భోజనము చాలదనియు, ఉదయము పౌష్టికాహారము పెట్టవలెననియు వ్రాసికొన్నది. ఇది దానము కాదు. లంకల గన్నవరమున ఆకలిగొన్నవారికి వేళ కాని వేళ వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారిది దానము. ఆమె కీర్తి ఆమెది. ఆంధ్రప్రదేశపు బడి భోజనమునకు 2024లో ఆమె పేరు పెట్టిరి. పేరు మంచిదే. కాని దానము పెట్టువాని దయపై నిలుచును. హక్కు అట్లు కాదు. బడి భోజనము 2013 నాటి ఆహారభద్రతా చట్టముచే బిడ్డకు హక్కైనది. ఐదవ తరగతిలోపు బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని కొలత కలదు. ఆ పప్పు నీళ్లయినచో దాత తక్కువ పెట్టెనని సరిపెట్టుకొనరాదు. అప్పు తీర్పలేదని నిలదీయవలెను.

రెండవ వాదము వారు మరింత నేర్పరులు. "ప్రభుత్వము అన్నియు చేయుచునే యున్నది కదా!" అందురు. నిజమే, కాగితముపై కొరత లేదు. 2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన బాలల ఆరోగ్య పథకము ప్రకారము, వైద్యబృందము ఏటేట ప్రతి సర్కారు బడికిని వచ్చి పిల్లలను పరీక్షింపవలెను. 2015 నుండి ఫిబ్రవరి 10వ తేదీని నులిపురుగుల నిర్మూలన దినముగా జరిపి ఆల్బెండజోల్ మాత్ర మ్రింగించుచున్నారు. ఐదు మొదలు పదేండ్లలోపు పిల్లలకు వారమునకొక గులాబిరంగు మాత్ర విధింపబడినది; అందులో 45 మిల్లీగ్రాముల ఇనుమును, ఫోలిక్ ఆమ్లమును ఉండును. 2018లో తెలంగాణమునను, 2019లో ఆంధ్రప్రదేశమునను "కంటివెలుగు" పేర కంటిపరీక్షలు జరిపిరి. దేశమున ఆహారశాస్త్రమునకు పీఠమైన జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి తార్నాకలో మన నడుమనే యున్నది. జ్ఞానము కొరవడలేదు, ఆజ్ఞలు కొరవడలేదు. కొరవడినది ఆజ్ఞకును బిడ్డకును నడుమ నిలిచి దానిని చేరవేయు మనిషి. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత యున్నది. ఇచ్చట పూజారియే లేడు!

ఆ గులాబి మాత్రనే చూడుడు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నడపిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసి లోకమునకు ఇచ్చినది. తెలుగువాని తపస్సు పాలు పంచుకొన్న ఆ మందు సముద్రములు దాటి తెలుగు పల్లె బడికి వచ్చి, బీరువాలో చీమలకు కావలి కాయుచున్న దృశ్యము ఎచ్చటనైన కనబడినచో అది ఎవరి సిగ్గు? పరగడుపున మ్రింగినచో ఆ మాత్ర కడుపులో త్రిప్పును; మలము నల్లబడును. అన్నము తిన్న పిదప మ్రింగవలెననియు, నలుపునకు బెదరవలదనియు, వెంటనే టీ త్రాగినచో ఇనుము ఒంట పట్టదనియు, నిమ్మరసమో జామపండో తోడైనచో బాగుగా పట్టుననియు తల్లికి చెప్పువారుండవలెను. చెప్పువారు లేకున్న తల్లి బెదరి, మరుసటి వారము బిడ్డ నోటిలోని మాత్రను ఉమ్మించును. ఆ తల్లిది తప్పా?

కంటిపరీక్షయు అట్టిదే. బృందము వచ్చినది, చూచినది, కాగితముపై "దృష్టిదోషము" అని వ్రాసి పోయినది. ఆ కాగితమును పట్టుకొని బిడ్డను పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవలసినది ఎవరు? కూలికి పోవు తల్లి ఒకదినపు కూలి పోగొట్టుకొని, బస్సు ఖర్చు పెట్టుకొని పోవలెను. ఒకమారు పోయిన అద్దములు రావు, రెండవమారు పోవలెను. వచ్చిన అద్దములు విరిగిన మూడవమారు పోవలెను. కాగితమునకును కండ్లజోడునకును నడుమనున్న ఈ దూరమునే మేము చూపుచున్నాము. ఏ లెక్కపుస్తకమునను ఈ దూరమునకు పట్టీ లేదు.

బాధ్యుడు లేని చోట ఏమి జరుగునో లోకమునకు ఒకమారు తెలిసినది. 2013 జూలై 16న బీహారమున సారణ్ జిల్లా గండామన్ గ్రామపు ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు ప్రాణములు విడిచిరి. వంటనూనెలో పురుగుమందు కలిసినది. పిల్లలకంటె ముందు పెద్దలు రుచి చూడవలెనను నియమము గ్రంథములలో నున్నది. రుచి చూచు నాలుక బడిలో నుండవలెను గదా!

మూడవ వాదము ఉపాధ్యాయులది. "ఇద్దరము ఐదు తరగతులకు చెప్పుచున్నాము. అన్నముల లెక్క మేమే వ్రాయవలెను, గ్రుడ్ల లెక్క మేమే వ్రాయవలెను, ఇప్పుడు నెత్తురు కూడ మేమే చూడవలెనా?" అని వారడుగుచున్నారు. ఈ వాదమును మేము త్రోసివేయము. అరువదిమంది పిల్లలవరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలునని విద్యాహక్కు చట్టపు కొలత. అట్టి బడిలో ఒకరు సెలవు పెట్టిన ఐదు తరగతులును ఒక్కరిమీద పడును. ఆంధ్రప్రదేశమున కొంతకాలము ఉపాధ్యాయులచే మరుగుదొడ్ల ఛాయాచిత్రములు తీయించి పంపించుకొనిరి. చిత్రము తీయువాడు దొరికెను గాని, దొడ్డి కడుగువానికి చాలినంత జీతము పలుచోట్ల దొరకలేదు. ఇట్టి పనులతో ఆరోగ్యమన్న మాటయే ఉపాధ్యాయునికి వెగటైనచో ఆశ్చర్యమేమి?

కావుననే మేము కోరునది ఉపాధ్యాయుని నెత్తిపై మరియొక మూట కాదు. ఆ మూటను మోయుటకు వేరొక మనిషి. జపానుదేశమున 1947 నాటి విద్యాచట్టము మొదలు ప్రాథమిక పాఠశాలలయందు పిల్లల ఆరోగ్యమునకే ప్రత్యేకముగా ఒక ఉపాధ్యాయినిని నియమించుచున్నారు. ఆమెకు వేరుగా ఒక గది యుండును. ఒంట్లో బాగులేని బిడ్డయు, మనస్సు బాగులేని బిడ్డయు ఆ గదికే పోవుదురు. మనకు ప్రతి బడికి ఒకరిని పెట్టు శక్తి నేడే లేకపోవచ్చును. కాని నాలుగైదు ప్రాథమిక పాఠశాలలకు కలిపి నర్సుశిక్షణ పొందిన ఒక స్త్రీని నియమింపలేమా? నర్సుశిక్షణ పొంది పని లేక దూరదేశములకు పోవుచున్న ఆడుబిడ్డలు మనలో లేరా?

ఇక వంటయింటి మాట. 2009లో కేంద్రప్రభుత్వము బడిలో వంట చేయు స్త్రీలకు నిర్ణయించిన గౌరవవేతనము నెలకు 1000 రూపాయలు. ఆంధ్రప్రదేశమున 2019లో దానిని 3000 చేసిరి. గౌరవము మాటలోనే మిగిలినది. సరకుల బిల్లులు నెలలతరబడి రానిచో ఆమె అంగడిలో అప్పుచేసి పిల్లలకు వండును. అంగడివాడు అప్పు నిలిపిననాడు పప్పు పలుచబడును. పలుచని పప్పును చూచి ఆమెను తిట్టువారు, బిల్లు ఏ బల్లపై నిద్రించుచున్నదో ఒకమారు విచారించిరా? ఇంతటితో ముగియదు. వంట చేయు స్త్రీల నియామకమున దళితులకును గిరిజనులకును ప్రాధాన్యమీయవలెనని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. అయినను ఆమె చేతి అన్నము మా బిడ్డ తినరాదని కట్టిన కారియరుతో బిడ్డను పంపు ఇండ్లు నేటికిని గలవు. పాఠశాలలో పసిబిడ్డ నేర్చుకొను మొదటి పాఠము పొరుగుబిడ్డ పళ్లెమును చూచి ముఖము త్రిప్పుకొనుటయే యైనచో, తరువాత ఎన్ని పాఠములు చెప్పిన ఏమి ప్రయోజనము? అంటరానితనము నులిపురుగుకంటె లోతైన రోగము; దానికి ఏడాదికొక మాత్ర చాలదు.

సొమ్ముగలవారు "మా పిల్లలు పెద్దబడిలో చదువుచున్నారు, ఈ గొడవ మాకు లేదు" అని తప్పించుకొనరాదు. ఆ పెద్దబడికి ఆటస్థల మెక్కడ? అద్దెమేడ మూడవ అంతస్తులో గదిగదికి నలుబదిమంది! పుస్తకముల సంచి బిడ్డ బరువులో పదవవంతు మించరాదనియు, మొదటి రెండు తరగతులకు ఇంటిపని ఈయరాదనియు 2020 నాటి విధానము చెప్పుచున్నది. ఒకమారు మీ బిడ్డను, బిడ్డ సంచిని వేరువేరుగా తూచి చూడుడు. ఆరుబయట వెలుతురులో ఆడుకొనని పిల్లలకు దూరదృష్టి లోపించు ప్రమాదము హెచ్చని నేటి నేత్రవైద్యులు చెప్పుచున్నారు. పల్లెబిడ్డ అద్దములు దొరకక బల్లను చూడలేకున్నది. పట్టణపు బిడ్డ ఆట దొరకక అద్దముల పాలగుచున్నది. ఇద్దరి పాపమును పెద్దలదే.

మేము కోరునవి గగనకుసుమములు కావు. ఏటికి రెండుమారులు ప్రతిబిడ్డ ఎత్తును, బరువును కొలిచి తల్లికి చదివి వినిపింపుడు. అన్నమునకు ముందు సబ్బుతో చేతులు కడిగించుటను పాఠముగా లెక్కించి దానికి గంట కొట్టుడు. మాత్రకు వారములో ఒక దినము నిర్ణయించి, అన్నమైన పిదప పెద్దల కంటియెదుట మ్రింగింపుడు. కంటిదోషము వ్రాసిన కాగితము వెంట కండ్లజోడు ఎన్ని దినములలో రావలెనో గడువు పెట్టుడు; గడువు దాటిన ఎవరు జవాబు చెప్పవలెనో పేరు వ్రాయుడు. మరుగుదొడ్డి కడుగువారికి నెలనెల జీతమిండు. వంట చేసిన తల్లికి నెల తిరుగకమునుపు సొమ్ము చెల్లింపుడు. తల్లులు వంతులవారీగా బడికి వచ్చి, పిల్లలతోపాటు కూర్చుండి అదే అన్నము తినుడు. వీనినన్నిటిని కనిపెట్టి చూచుటకు, ఎవరు చేయలేదనిన "నేను" అని నిలువబడి జవాబు చెప్పుటకు, బాధ్యత గల మనిషిని ఒకరిని నియమింపుడు. మిగిలినవన్నియు ఈ యొక్కదానిపై ఆధారపడియున్నవి.

ఖర్చగునందురా? కాదని మేమనము. కాని తలకు గాయమైన పిదప కట్టు కట్టుటకు పెట్టు ఖర్చును లెక్కింపని మనము, చేయి పట్టి నడిపించుటకు పెట్టు ఖర్చును మాత్రము కాసులలో లెక్కించుచున్నాము. బడి కట్టితిమి, పుస్తకమిచ్చితిమి, ఉపాధ్యాయుని పెట్టితిమి. వీనినన్నిటిని అందుకొనవలసిన బిడ్డ దేహమును మరచినచో ఆ ఖర్చంతయు చిల్లికుండలో పోసిన నీరే.

మొక్కై వంగనిది మానై వంగునా యని బెత్తమెత్తువారు తరచుగా పలుకుదురు. మొక్కను వంచుటకుముందు దానికి నీరున్నదా, వేరున పురుగున్నదా యని తోటమాలి చూచును. వాడు వాడిన మొక్కను మొద్దని తిట్టడు. నీటి కుండ తెచ్చును. మన పల్లెలలో అక్షరము రాని తోటమాలికి తెలిసిన ఈ పాటి శాస్త్రము విద్యాధికులకు తెలియరాదా? రేపు ప్రొద్దున ఏ బడిలోనైనను "మొద్దు" అను మాట నోటివరకు వచ్చినప్పుడు దానిని నాలుకపైనే ఆపి, బిడ్డను వెలుతురులోనికి పిలిచి, ఆ కంటిని ఒకమారు చూడుడు. చూచిన పిమ్మటను ఆ మాట అనగలిగినచో అప్పుడనుడు.